హెరెసీ 4: మైకు గొట్టం మన హాల్లోకి వస్తే

ఈ స్పీకర్లు ఇంటికొచ్చి తొమ్మిది నెలలైంది. మొదటి నెలలోనే రివ్యూ రాద్దామని కూర్చున్నాను, రాయకపోవడమే మంచిదైంది. అప్పుడు రాసి ఉంటే అన్నీ తిట్లే ఉండేవి, మూడో నెలలో రాసి ఉంటే అచ్చంగా భజన అయ్యేది. ఇప్పుడు రెండూ చల్లారాయి.

వస్తువు క్లిప్ష్ వాళ్ల హెరెసీ 4. 2019లో వచ్చిన మోడల్, అప్పట్లో కొత్త జత ధర మూడు వేల డాలర్ల దాకా ఉండేది, నేను సెకండ్ హ్యాండ్‌లో రెండు వేలకి కాస్త తక్కువకే కొన్నాను. ఒక్కోటి రెండడుగుల ఎత్తు, 20 కిలోల బరువు. కింద ఏటవాలు చెక్క పీట ఒకటి ఉంటుంది, దాని మీద పెడితే పెట్టె కాస్త వెనక్కి వాలి మొహం పైకెత్తి మనల్నే చూస్తున్నట్టు ఉంటుంది. లోపల బేస్ పలికే 12 అంగుళాల వూఫర్ ఒకటి, దాని పైన రెండు హారన్లు, అంటే విప్పారే గొట్టాలు, పెద్దది గొంతులు పలికే మధ్య స్థాయికి, చిన్నది పై స్థాయికి. మా ఆవిడ మొదటిసారి చూసి "స్టూళ్లు తెచ్చారేంటండీ?" అంది. ఇప్పటికీ ఒకదాని మీద పూలకుండీ పెట్టే ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి, నేను తీస్తూనే ఉన్నాను.

ముందు నా పక్షపాతం చెప్పేస్తాను. గుడివాడ దగ్గర మా ఊళ్లో మా బాబాయికి మైకు సెట్టు ఉండేది. పెళ్లిళ్లు, శ్రీరామనవమి పందిళ్లు, ఎలక్షన్లు, ఎవరైనా పోతే భగవద్గీత, అన్నిటికీ ఆయనే. రెండు అల్యూమినియం గొట్టాలు కొబ్బరిచెట్టుకి కట్టి, ఒకటి మా ఊరి వైపు, ఇంకోటి పక్కూరి వైపు తిప్పి, తెల్లవారుజామున నాలుగున్నరకి ఘంటసాల రికార్డు వేసేవాడు. అంచేత హారన్ అనగానే నా చెవిలో మోగేది ఆ చప్పుడే. ముక్కుతో పాడినట్టుండే గొంతు, మధ్యలో కుయ్యిమని ఈల, తలగడ కింద తల దూర్చినా తప్పించుకోలేని అరుపు. డాలస్‌లో ఒక ఫ్రెండు "హారన్ స్పీకర్లు తీసుకో గురూ" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. దాన్ని తప్పించుకోవడానికే కదా ఇంత దూరం వచ్చాం.

అయితే ఆ మైకు గొట్టం మీద నేను మోపిన నేరాల్లో సగం దానివి కావని తర్వాత తెలిసింది. ఆ గొట్టం మాట దూరం పోవడానికి చేసింది, పాటకి కాదు. దారిని లోపలే మడతపెట్టి పొడవు కుదించి ఉంటారు, సుమారు 300 హెర్ట్జ్ కింద ఏమీ పలకదు, అంటే మృదంగంలో తొప్పి వైపు మోత దాదాపు మొత్తం మాయం. దానికితోడు మా బాబాయి యాంప్లిఫయర్ నాబ్ ఎప్పుడూ చివరిదాకా తిప్పే ఉండేది. పక్కూరివాళ్లకి వినపడకపోతే ఆయన పరువు పోయేది మరి.

ఇంతకీ గొట్టం ఎందుకు? స్పీకర్ కోనుకి, అంటే ముందుకీ వెనక్కీ ఊగి శబ్దం చేసే ఆ గరాటు పొరకి, గాలి మరీ తేలిక వస్తువు. దాన్ని పట్టుకుని నెట్టడానికి పట్టు దొరకదు. అరచేత్తో విసురుకుంటే గాలి ఆడనట్టే ఇది. మామూలు ఇంటి స్పీకర్‌కి మనమిచ్చే కరెంటులో నూటికి ఒక వంతు కూడా శబ్దంగా మారదు, మిగతాదంతా కోనుని కదిపే తీగచుట్ట (వాయిస్ కాయిల్) వేడెక్కడానికే పోతుంది. చిన్న డయాఫ్రం (ఊగే పలచటి పొర) ముందు సన్నగా మొదలై క్రమంగా విప్పారే గొట్టం పెడితే గాలి మీద దానికి పట్టు దొరుకుతుంది, అంతే తేడా. సన్నాయి కింద ఉండే గరాటు చేసేదీ ఇదే పని, కొమ్ముబూర చేసేదీ ఇదే. మనవాళ్లకి ఈ ఫిజిక్సు ఎప్పటినుంచో చేతుల్లో ఉంది.

టాకీలు మొదలైన 1920ల చివర్లో యాంప్లిఫయర్లు ఇచ్చేది కొద్దిపాటి వాట్లే, వాటితో వెయ్యి మంది కూర్చునే హాలు నింపాలి. గొట్టం తప్ప దారి లేదు, అందుకే వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వాళ్లు మనిషి పట్టేంత హారన్లు తెర వెనక పెట్టారు. ఇప్పటికీ సినిమా హాల్లో తెర వెనక ఉన్నవి ఎక్కువగా హారన్లే. అంటే హీరో ఎంట్రీకి మనం ఈలలేసింది, పేపర్లు విసిరింది, ఒళ్లు జలదరించింది అన్నీ హారన్లకే. ఆ సంగతి తెలియక ఇంట్లో మాత్రం "హారనా? ఛీ" అంటాం.

మరి ఇంట్లోంచి ఎందుకు పోయాయి? 1954లో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన గాలి చొరబడని చిన్న పెట్టెలో లోతైన బేస్ రప్పించి ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చాడు. దానికి వాట్లు బాగా కావాలి, కానీ తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు చవకైపోయాయి. 1958లో స్టీరియో రికార్డులొచ్చాయి, ఒకటి కాదు రెండు పెట్టెలు కావాలి, బీరువాలంత హారన్లు రెండు పెట్టుకునే ఇల్లు ఎంతమందికుంది? ఆడియో వాళ్లు దీన్ని హాఫ్‌మన్ సూత్రం అంటారు. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటుకే ఎక్కువ శబ్దం, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి. అందరూ మొదటి రెండూ తీసుకున్నారు. హారన్ వాళ్లు మొదటిది వదిలేసి మిగతా రెండూ పట్టుకున్నారు. ఈ గొడవంతా మూలంలో అంతే, మిగతాది మత యుద్ధం.

మతం అన్నాను కాబట్టి ఈ స్పీకర్ పేరు సంగతి చెప్పాలి. పాల్ విల్బర్ క్లిప్ష్ అని 1904లో పుట్టిన ఇంజినీరు, స్టాన్‌ఫర్డ్‌లో చదివాడు, కొన్నాళ్లు చిలీలో రైలింజన్లు చూసుకున్నాడు, రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్కన్సా రాష్ట్రంలో హోప్ అనే ఊరి దగ్గర మందుగుండు పరీక్షించే సైనిక స్థావరంలో పనిచేశాడు, యుద్ధమయ్యాక 1946లో అక్కడే కంపెనీ పెట్టాడు. హోప్ అంటే బిల్ క్లింటన్ పుట్టిన ఊరు, పుచ్చకాయలకి కూడా పేరు. మా ఇంటినుంచి ఐ-30 హైవే ఎక్కితే మూడు గంటల పైచిలుకు.

ఈయన కనిపెట్టింది క్లిప్ష్‌హార్న్. దాని గొప్పతనం అర్థం కావాలంటే చిన్న లెక్క. 40 హెర్ట్జ్ శబ్దం అల పొడవు దాదాపు 28 అడుగులు. అంత కింది స్థాయిని హారన్‌తో పలికించాలంటే గొట్టం నోరు గదంత ఉండాలి. ఈయన ఏం చేశాడంటే గొట్టాన్ని చెక్క పెట్టెలో మడతపెట్టి, ఆ పెట్టెని గది మూలకి తోసి, రెండు గోడల్నీ నేలనీ గొట్టానికి చివరి భాగంగా వాడుకున్నాడు. ఇల్లే స్పీకర్‌లో భాగం. ఆ మోడల్ ఇప్పటికీ తయారవుతోంది. 1957లో రెండు క్లిప్ష్‌హార్న్‌ల మధ్య పెట్టుకోవడానికి ఓ చిన్న పెట్టె చేశాడు, దానిలో బేస్‌కి హారన్ లేదు, మామూలు వూఫరే, మూల అక్కర్లేదు. జీవితమంతా మూల హారన్ గురించి ప్రచారం చేసిన మనిషి ఇలా చేస్తే ఎవరో "ఇది మతద్రోహం కదా" అన్నారట, ఆ మాటకి ఇంగ్లీషే హెరెసీ. ఆయన దాన్నే పేరుగా పెట్టేశాడు. మన పాత భాషలో చెప్పాలంటే ఇది పాషండ స్పీకర్. ఆయన కోటు మడత వెనక ఓ పసుపుపచ్చ బ్యాడ్జి ఉండేది, దాని మీద అంతా వట్టి కోత అనే అర్థం వచ్చే ఇంగ్లీషు బూతు మాట. స్పీకర్ల కంపెనీల ప్రకటనలు చూపిస్తే కోటు తిప్పి చూపించేవాడు. ఇలాంటి మనిషి చేసిన వస్తువు మీద నాకు కాస్త మెతకదనం ఉంది, ఒప్పుకుంటాను.

ఇక అసలు విషయం.

మొదటి నెల నరకం. మా హాలు 13 అడుగుల వెడల్పు, 18 పొడవు, నేల చెక్కది, ఒకవైపు మొత్తం గాజు తలుపు, కార్పెట్ లేదు. స్పీకర్లు గోడకి దూరంగా లాగి, నేను ఆరడుగుల దూరంలో సోఫా వేసుకుని, కొత్త తెలుగు సినిమా పాటలు పెట్టాను. పది నిమిషాలకి తలనొప్పి. గాయని గొంతు నోటి దగ్గర చేతులు గొట్టంలా పెట్టుకుని కేకేసినట్టుంది, "స" అన్నప్పుడల్లా చెవిలో సూది. బేస్ ఎక్కడా కనపడలేదు. మైకు సెట్టు, మళ్లీ అదే మైకు సెట్టు, దానికి రెండు వేలు పోశాను.

తప్పు నాదే, వరసగా మూడు తప్పులు. మొదటిది దూరం. ఇందులో మూడు డ్రైవర్లు, అంటే శబ్దం చేసే భాగాలు, మూడు ఎత్తుల్లో ఉంటాయి, దగ్గర కూర్చుంటే గొంతు ఒకచోటినుంచి, తాళం ఇంకోచోటినుంచి విడివిడిగా వస్తాయి. పది పదకొండు అడుగుల దూరం వెళ్లేసరికి మూడూ కలిసిపోయి ఒక్క మనిషి పాడుతున్నట్టయింది. రెండోది గోడ. మామూలు స్పీకర్లకి గోడకి దూరం పెట్టమంటారు, ఈ జాతికి రివర్స్, మూలలకి దగ్గరగా తోయాలి, అప్పుడే బేస్‌కి ఒళ్లు వస్తుంది. మూడోది కోణం. రెండు పెట్టెల్నీ బాగా లోపలికి తిప్పి, వాటి చూపులు నా తలకి కాస్త ముందే కలిసేలా పెట్టాను. నేల మీద మందపాటి కార్పెట్, గాజు తలుపుకి పరదా. ఒక్క వారాంతం పని. తలనొప్పి పోయింది. హారన్ అరుస్తుంది అనేవాళ్లలో ఎంతమంది దాన్ని ఆరడుగుల్లో విన్నారో అని నాకిప్పుడు అనుమానం. చిన్న గదిలో వినేవాళ్లకి ఇది సమాధానం కాదు, వాళ్లు అసలు కొనకూడదు.

తర్వాత ఏం వినపడిందో చెప్తాను. హారన్ అనగానే అందరూ చప్పుడు గురించి మాట్లాడతారు, నాకు నచ్చింది చప్పుడు తగ్గించినప్పుడు. రాత్రి పదకొండింటికి, పిల్లలు పడుకున్నాక, పక్క గదిలోకి వినపడనంత తక్కువలో షేక్ చిన మౌలానా సన్నాయి పెట్టాను. మన కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ మహానుభావుడు. మామూలు స్పీకర్లలో అంత తక్కువలో పెడితే సన్నాయి మిగిలి డోలు చచ్చిపోతుంది, దుప్పటి కింద కొట్టినట్టుంటుంది. ఇందులో డోలు మీద పుల్ల పడ్డ ఆ క్షణం అలాగే ఉంది. దెబ్బకి అంచు ఉంది. పెళ్లి పందిట్లో మేళం పక్కనుంచి నడిచి వెళ్తే కడుపులో తగిలే దెబ్బ ఉంటుంది చూడండి, దాని చిన్న సైజు బొమ్మ. మృదంగం, ఘటం, డప్పు, తబలా, చేత్తోనో పుల్లతోనో కొట్టేదేదైనా ఈ స్పీకర్ చేతిలో బతికొస్తుంది.

ఎందుకు అంటే సమాధానం కొంత లెక్కలో ఉంది. కంపెనీ చెప్పే లెక్క ప్రకారం దీని సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కరెంటుకి ఎంత గట్టిగా మోగుతుందనే కొలత, 99 డెసిబెల్స్. నా ఇంకో ఫ్రెండు టవర్ స్పీకర్లు 86. తేడా 13 డెసిబెల్స్, అంటే పవర్‌లో ఇరవై రెట్లు. వాడి స్పీకర్ 100 వాట్లు తాగే చోట నాది 5 వాట్లతో సరిపెట్టుకుంటుంది. నేను రాత్రి వినేటప్పుడు వాడేది వాట్‌లో వందో వంతు కూడా ఉండదేమో. కోను కదిలేది అతి కొద్దిగా, కాయిల్ వేడెక్కేది ఏమీ లేదు, కాబట్టి దెబ్బ పడినప్పుడు మొద్దుబారదు. పాల్ క్లిప్ష్ ఏళ్ల తరబడి వాదించింది ఇదే. డయాఫ్రం ఎంత తక్కువ కదిలితే అంత శుభ్రంగా ఉంటుందన్నాడు, ఒకే కోను బేస్‌కి ముందుకీ వెనక్కీ ఊగుతూ అదే సమయంలో పై స్వరాలు పలికితే, వెళ్లే రైలు కూత మారినట్టు ఆ స్వరాలు వణుకుతాయన్నాడు.

ఆ ఫ్రెండు గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ గొడవలో అవతలి పక్షం వాడే. కొలతల మనిషి. మైకు, లాప్‌టాప్ పట్టుకునే మా ఇంటికొస్తాడు. నేను 99 అనగానే, "కంపెనీ చెప్పిందంతా నమ్మేస్తావేంట్రా, గది సాయం కూడా కలిపి చెప్తారు, రెండు మూడు తీసెయ్" అన్నాడు. సరే, తీసేశాను, ఇంకా పది రెట్లు మిగిలింది. తర్వాత గ్రాఫు చూపించాడు, ఎగుడుదిగుడుగా ఉంది. కెనడాలో ఫ్లాయిడ్ టూల్ చేసిన పరిశోధనల గురించి చెప్పాడు. ఏ స్పీకరో తెలియకుండా వినిపిస్తే జనం ఎక్కువగా మెచ్చేది ఎదురుగానూ పక్కలకీ సాఫీగా పలికే స్పీకర్‌నే అని ఆయన తేల్చాడు, అది నిజమే. గొట్టం నోరు హఠాత్తుగా ఆగిపోయేచోట శబ్దం కొంత వెనక్కి తిరిగి లోపలే తిరుగుతుందనీ, ఆ ముక్కు గొంతుకి మూలం అదేననీ అన్నాడు. అదీ నిజమే. ఎర్ల్ గెడెస్ అనే స్పీకర్ డిజైనర్ అందుకే గొట్టంలో ఫోమ్ ముక్క కూరేవాడు.

నా జవాబు ఒకటే. ఇవన్నీ చెడ్డ గొట్టం మీద ఫిర్యాదులు, గొట్టం మీద కాదు. టూల్ తర్వాత చేరింది హార్మన్ అనే ఆడియో కంపెనీలో, ఆ హార్మన్ కింద ఉన్న జేబీఎల్ వాళ్లే ఎం2 లాంటి స్టూడియో మానిటర్లు చేశారు, వాటి మొహాన కంప్రెషన్ డ్రైవరూ దాని ముందు గొట్టమూ ఉంటాయి, పేరు మాత్రం హారన్ అనకుండా వేవ్‌గైడ్ అంటారు. "గొట్టానికి మర్యాదగా పేరు పెడితే మీకు ఓకే, అంతేనా?" అన్నాను. నవ్వాడు, ఒప్పుకోలేదు.

ఒక శనివారం వాడి టవర్లు కారులో వేసుకొచ్చాడు. ఫోన్‌లో మీటరు పెట్టి సోఫా దగ్గర రెండూ 75 డెసిబెల్స్ వచ్చేలా సరిచేశాం. ఇది చేయకుండా పోల్చేవాళ్ల మాట నమ్మకండి, ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగున్నట్టు ఉంటుంది, షాపుల్లో హారన్లు అమ్ముడుపోవడానికీ ఇంటికెళ్లాక తిట్లు తినడానికీ ఇదే కారణం. దుప్పటి అడ్డం కట్టి మా అబ్బాయిని వైర్లు మార్చమన్నాం, కానీ పది సెకన్లలో ఏది ఏదో ఇద్దరం గుర్తుపట్టేశాం, కాబట్టి గుడ్డి పరీక్ష అని గొప్పలు చెప్పుకోను. డోలు, మృదంగం, లైవ్ కచేరీలు, సినిమా ఫైట్లు: వాడు కూడా హారన్ వైపే. వీణ, వయొలిన్ ఆలాపన, నిదానంగా సాగే రాగం: వాడి టవర్లే, నేనూ కాదనలేను. వీణ తంతి మీటాక ఆ నాదం అరిగిపోతూ పోతూ ఉండే తోకలో వాడి స్పీకర్లు ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాయి, నావి కాస్త ముందే విషయం ముగించేశాయి. గొంతుల దగ్గర కొట్లాట. ఎమ్మెస్ పాత రికార్డులు నాకు హారన్‌లో ఎదురుగా కూర్చుని పాడినట్టున్నాయి, వాడికి మరీ మొహం మీదకొచ్చి పాడినట్టున్నాయి. ఒకే విషయాన్ని ఇద్దరం చెప్పుకున్నామని నాకనిపించింది. హారన్ శబ్దాన్ని గోడలకి పంచకుండా సూటిగా మన మీదకే పంపుతుంది, గది తక్కువ, రికార్డు ఎక్కువ వినపడుతుంది. కచేరీకి వెళ్తే మొదటి వరసలో కూర్చునేవాళ్లుంటారు, పదో వరసలో కూర్చునేవాళ్లుంటారు. నేను మొదటి వరస మనిషిని, వాడు కాదు. దీనికి గ్రాఫు తీర్పు చెప్పదు.

ఇక లోపాలు. బేస్ గురించి కంపెనీయే దాచలేదు, 48 హెర్ట్జ్ దగ్గర ఆగుతుందని రాసే ఇచ్చింది. 12 అంగుళాల వూఫర్ చూసి ఇల్లు అదురుతుందని అనుకునేవాళ్లు నిరాశ పడతారు. ఇప్పటి సినిమా పాటల్లో కింద ఉండే ఆ లోతైన సింథ్ మోత సగం ఉండదు. నేను చివరికి ఒక సబ్‌వూఫర్ (లోతైన బేస్ మాత్రమే పలికే పెట్టె) కలిపి 60 హెర్ట్జ్ కింద ఉన్నదంతా దానికి అప్పగించాను, దాని గొంతు బాగా తగ్గించి. కలిశాయా అంటే కలిశాయి, కానీ అది కుదరడానికి మూడు వారాలు పట్టింది, డోలు ఒకచోట, దాని మోత ఇంకోచోట ఉన్నట్టు చాలా రోజులు చిరాకు పడ్డాను.

రెండోది, దీనికి మొహమాటం లేదు. చెడ్డ రికార్డింగ్‌ని చెడ్డగా వినిపిస్తుంది. ఈమధ్య పాటలన్నీ గట్టిగా వినపడాలని ఒత్తిపట్టి మాస్టర్ చేస్తున్నారు, ఎత్తుపల్లాలు ఉండవు, అలాంటివి ఈ స్పీకర్లలో నాలుగు వరసగా వినలేను. విచిత్రం ఏంటంటే 1950ల, 60ల మోనో పాటలు, గరగర శబ్దంతో సహా, అద్భుతంగా ఉంటాయి. ఘంటసాల పద్యం పాడి చివర్లో రాగం తీస్తుంటే ఆ ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో తెలుస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు పాత పాటల పాలు బాగా పెరిగింది, దానికి నా వయసు కారణం అని మా అబ్బాయి, స్పీకర్లు కారణం అని నేను.

మూడోది యాంప్లిఫయర్, దీన్ని ఎవరూ ముందు చెప్పరు. నా పాత 100 వాట్ల యాంప్ పెట్టగానే పాట లేకుండానే సన్నగా "స్స్స్" అని ట్వీటర్లోంచి, అదే పై స్థాయి హారన్‌లోంచి, శబ్దం. ఆ యాంప్‌లో అది మొదటినుంచీ ఉంది, పాత స్పీకర్లకి వినిపించే శక్తి లేదు, అంతే. పైగా వాల్యూమ్ నాబ్ గడియారంలో ఏడు నుంచి ఎనిమిది మధ్యే తిరగాలి, అది దాటితే పక్కింటివాళ్లు వస్తారు. తెలిసినాయన దగ్గర 300బీ అనే వాక్యూమ్ ట్యూబులున్న 8 వాట్ల యాంప్ ఒకటి అరువు తెచ్చి నెల రోజులు పెట్టాను. ఎనిమిది వాట్లు! ఇల్లు నిండిపోయింది. గొంతులు ఇంకాస్త మెత్తబడ్డాయి. ట్యూబుల్లో ఏదో మహత్యం ఉందని ప్రమాణాలు చేసేవాళ్లున్నారు, నాకు అంత నమ్మకం లేదు, తిరిగిచ్చేసి చప్పుడు లేని చిన్న ట్రాన్సిస్టర్ యాంప్ కొన్నాను, 25 వాట్లు, బాగానే ఉంది. ఈ స్పీకర్‌కి కావాల్సింది పెద్ద యాంప్ కాదు, నిశ్శబ్దంగా ఉండే యాంప్. మనవాళ్లకి వాట్ల మీద ఉన్న మోజు ఇక్కడ పనికిరాదు.

డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో ఒక రిటైరైన పెద్దాయన ఇంట్లో క్లిప్ష్‌హార్న్‌లు కూడా విన్నాను. ఒక్కోటి దాదాపు వంద కిలోలు, మూలల్లో రెండు దేవిడీల్లా నిలబడి ఉన్నాయి. ఆయన మెత్తగా జాజ్ పెట్టాడు, డబుల్ బేస్ మీటినప్పుడు నేను కూర్చున్న కుర్చీకి కాదు, గదికే ప్రాణం వచ్చినట్టయింది. బేస్ కూడా హారన్‌లోంచి వస్తే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. హెరెసీలో పైన హారన్, కింద మామూలు వూఫర్ కాబట్టి పైన ఉన్న చురుకు కింద కాస్త తగ్గుతుంది, ఆ అతుకు నాకు ఆ రోజు నుంచి వినపడుతోంది, వినకుండా ఉండాల్సింది. అయితే అక్కడా ఓ తేడా ఉంది. బేస్ గొట్టం దారి పొడవు కాబట్టి ఆ శబ్దం మిగతా వాటికంటే కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. పెద్దాయనకి అది వినపడదట. నాకూ వినపడలేదు, నా ఫ్రెండుకి గ్రాఫులో వినపడింది.

కొనాలా అంటే, పెద్ద హాలు, పది అడుగుల దూరం, వాడుకోదగ్గ రెండు మూలలు ఉండి, కచేరీలూ పాత పాటలూ సినిమాలూ వినేవాళ్లైతే నేను సందేహం లేకుండా కొనమంటాను. అపార్ట్‌మెంట్ బెడ్‌రూమ్‌లో టేబుల్ పక్కన పెట్టుకునేవాళ్లు, కొత్త పాటల బేస్ కోసం చూసేవాళ్లు వద్దు. షాపులో ఒక్క పాట విని కొనకండి, అరగంట కూర్చోండి, మొదటి ఐదు నిమిషాలు హారన్ ఎవర్నైనా పడేస్తుంది.

పాతవి దొరికితే తీసుకోవచ్చా అని అడుగుతుంటారు. 1970ల, 80ల హెరెసీలు అమెరికాలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అవి మూసిన పెట్టెలు, వెనక రంధ్రం లేదు, బేస్ ఇంకాస్త తక్కువ. చూడాల్సింది రెండే. క్రాసోవర్‌లో (పాటని విడగొట్టి ఏ డ్రైవర్ వాటా దానికి పంచే సర్క్యూట్‌లో) కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, మార్పించే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. ట్వీటర్లు రెండూ పలుకుతున్నాయో లేదో ఒక్కోదానికి చెవి పెట్టి వినండి, ఒకటి చచ్చిపోయినా ఏళ్ల తరబడి గమనించని ఓనర్లున్నారు. ఫోన్‌లో ఓ సన్నాయి కచేరీ పెట్టుకుని వెళ్లండి, తోడుగా ఓ బలమైన మనిషిని కూడా తీసుకెళ్లండి. ఒక్కోటి 20 కిలోలంటే కారు దాకా ఏమీ అనిపించదు, మూడో అంతస్తు మెట్ల దగ్గర తెలుస్తుంది.